ఇల్లు అమ్మి కొడుకు దగ్గరికి పోవాలా, ఇక్కడే ఉండి లెక్కలేసుకోవాలా?

అయ్యకోనేరు_గట్టు
నాకు 67, మా ఆవిడకు 63. విజయనగరంలో ఒక ప్రైవేటు కంపెనీలో 31 ఏళ్లు గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. పీఎఫ్ పెన్షన్ నెలకు 2,340. మేడ మీద వాటా అద్దె 6,000. ఒకే బ్యాంకులో 14 లక్షల ఎఫ్‌డీ, తెలిసినవాళ్లు నడిపే సొసైటీలో 6 లక్షలు, పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతాలో 4 లక్షలు. పెన్షన్, అద్దె, వడ్డీలు అన్నీ కలిపితే నెలకు 22 వేల చిల్లర వస్తోంది. ఖర్చు 27 అవుతోంది. అందులో మందులే 5,500.

పోయిన కనుమ నాడు ఆవిడ బాత్రూంలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. విశాఖలో ఆపరేషన్, 2 లక్షల 60 వేలు. ఆ తర్వాత నలభై రోజులు లేపడం, కూర్చోబెట్టడం, కడగడం అన్నీ నేనే. ఇప్పుడు వాకర్‌తో వంటింటి దాకా నడుస్తోంది. నా నడుం మాత్రం పోయింది.

రాత్రి మూడింటికి మెలకువ వస్తుంది. కేలండర్ కాగితం వెనక పెన్సిల్‌తో లెక్కలు. అసలులోంచి నెలకు 5 వేలు తీస్తే ఎన్నేళ్లొస్తుంది? ధరలు పెరిగితే? నేను కూడా పడితే? ఆ మూడో ప్రశ్న దగ్గర పెన్సిల్ ఆగిపోతుంది.

కొడుకు హైదరాబాద్‌లో. ఇల్లు అమ్మేయండి, ఆ డబ్బు కలిపి మూడు గదుల ఫ్లాటు తీసుకుంటాను, మీరూ వచ్చేయండి అంటున్నాడు. మంచివాడే. కోడలూ మంచిదే. అయినా సంతకం అనేసరికి చెయ్యి ఆడటం లేదు. కూతురు చెన్నైలో ఉంటుంది, ఏమీ అనదు. అదింకా భయం. ఈ దారిలో నడిచినవాళ్లుంటే చెప్పండి. ఓదార్పు వద్దు, లెక్క కావాలి.

పలాస_జీడిపప్పు
కేలండర్ వెనక లెక్కలేస్తే మిగిలిన తేదీలే గుర్తొస్తాయండి. ముందు ఆ పెన్సిల్ దాచెయ్యమనండి మేడమ్‌ని.

నెల్లిమర్ల_గోగునార
2,340 వస్తోందా మీకు! నాకు 1,180. జూట్ మిల్లులో ఇరవై రెండేళ్లు. పీఎఫ్ కనీస పెన్షన్ 2014లో వెయ్యి చేశారు, ఆ వెయ్యి అక్కడే కూర్చుంది, ఉల్లిపాయలు మాత్రం కూర్చోలేదు. ఏటా బతికున్నానని సర్టిఫికెట్ ఇవ్వడానికెళ్తే మెషిన్ నా వేలిముద్ర తీసుకోదు. గోనెసంచులు పట్టీ పట్టీ గీతలు అరిగిపోయాయి. పది వేళ్లూ పెట్టించి, తుడిపించి, మళ్లీ పెట్టించి చివరికి "రేపు రండి" అనేవారు. ఇప్పుడు మనవడు ఫోన్‌లో నా మొహం చూపించి జీవన్ ప్రమాణ్ ఇంట్లోంచే పంపేస్తున్నాడు. కళ్లు ఆర్పమంటుంది, ఆర్పుతాను. బతికున్నట్టు లెక్క.

ఏడురోడ్ల_మాస్టారు
లెక్క అడిగారు కాబట్టి లెక్కే చెప్తాను. ముప్పై ఏళ్లు హైస్కూల్లో చెప్పింది అదే.

మొదట భయపడాల్సింది ఖర్చు గురించి కాదు, మీ 20 లక్షలు కూర్చున్న చోటు గురించి. బ్యాంకు ఏదైనా సరే, మునిగితే డిపాజిట్ బీమా ఒక మనిషికి ఒక బ్యాంకులో 5 లక్షల వరకే. సొసైటీకి అదీ లేదు. సహకార బ్యాంకు వేరు, పరపతి సొసైటీ వేరు. పేరు పక్కన సహకార అని ఉంది కదా అని నమ్మకండి.

పోస్టాఫీసులో గానీ బ్యాంకులో గానీ సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ ఉంది. 60 దాటినవాళ్లకి. ఇప్పుడు 8.2 శాతం. చేరిన నాటి రేటే ఐదేళ్లూ ఉంటుంది, తర్వాత మూడేళ్లు పొడిగించుకోవచ్చు. 2023 ఏప్రిల్ నుంచి మనిషికి 30 లక్షల దాకా పెట్టొచ్చు. మీ 20 అందులో పెడితే మూడు నెలలకోసారి 41,000, అంటే నెలకు 13,667. అద్దె, పెన్షన్ కలిపితే 22,007. మిగతా 4 లక్షలు సేవింగ్స్‌లో నిద్రపుచ్చకుండా ఏడాది ఎఫ్‌డీ వేస్తే ఇంకో 2,200. మొత్తం 24 వేల పైన. తరుగు 3 వేలు.

ఏడాదికి 36 వేలు. ధరలతో పాటు తరుగూ పెరుగుతుంది కాబట్టి ఆ 4 లక్షలు ఐదారేళ్లు వస్తాయనుకోండి. అప్పటికి మీకు 73. అప్పుడు అసలులోంచి తీయండి. మనవాళ్లకి అసలు ముట్టుకోవడమంటే తులసికోట తన్నినంత పాపం. డబ్బు దాచింది దేనికండీ?

సొసైటీ నుంచి గడువు తీరినవి తీరినట్టు ఇప్పుడే లాగండి. ఒకేసారి అడిగితే సాకులు చెప్తారు.

అయ్యకోనేరు_గట్టు
మాస్టారూ, సొసైటీ సంగతి చదివి నీళ్లు తాగాను. వాళ్ల ప్రెసిడెంట్ మా వీధివాడే. ఆయన్ని అడగాలంటే నాకే సిగ్గు.

ఏడురోడ్ల_మాస్టారు
మీ డబ్బు మీరు అడగడానికి సిగ్గు. ఆయనకి ఇవ్వడానికి సిగ్గుండదు చూడండి.

టెక్కలి_సిస్టర్
మాస్టారి లెక్కలో ఒక తప్పుంది. ఆ 4 లక్షలు నెల ఖర్చుకీ అవే, ఆస్పత్రికీ అవేనా? రెండో తుంటి విరిగితే? ఒకసారి విరిగిన మనిషికి మళ్లీ విరిగే అవకాశం ఎక్కువ.

ఏడురోడ్ల_మాస్టారు
ఒప్పుకుంటున్నాను. అయితే 18 లక్షలు స్కీమ్‌లో, 6 చేతిలో. 18కి నెలకు 12,300. అద్దె, పెన్షన్, 6 లక్షల ఎఫ్‌డీ వడ్డీ కలిపితే దాదాపు అదే 24 వేలు. తరుగు అంతే, ఆస్పత్రికి ఇంకో రెండు లక్షలు అందుబాటులో ఉంటాయి. అవతల స్కీమ్ మధ్యలో తెంచితే కొంత కోత పడుతుంది కాబట్టి ఇదే నయం. మంచి మాట చెప్పారమ్మా. అన్నట్టు వడ్డీ ఏడాదికి లక్ష దాటితే టీడీఎస్ అని ముందే పన్ను పట్టేస్తారు, పన్ను పడని మనిషైతే ఆ సంగతి డిక్లరేషన్ రాసివ్వడం మర్చిపోకూడదు.

చీపురుపల్లి_చిన్నోడు
8.2 ఏం సరిపోతుంది సార్, మ్యూచువల్ ఫండ్లో వేస్తే 15 వస్తది.

పలాస_జీడిపప్పు
తమ్ముడూ నీకెన్నేళ్లు?

చీపురుపల్లి_చిన్నోడు
24

పలాస_జీడిపప్పు
పడితే లేవడానికి నీకు ముప్పై ఆరేళ్లుంది. ఆయన పడి ఉన్నారు ఆల్రెడీ.

విశాఖ_ఎక్స్‌ప్రెస్
నేను కొడుకు వైపు. ఇలాంటి చర్చలు ఎక్కడ చూసినా కొడుకులందరం సంతకాల కోసం కాచుకున్న దొంగల్లా కనిపిస్తాం. నాది మియాపూర్‌లో రెండు గదుల ఫ్లాటు, నెలకు 42 వేలు ఈఎంఐ. అమ్మానాన్న ఆమదాలవలస దగ్గర ఊళ్లో. రెండు వారాలకోసారి రాత్రి రైలెక్కి శ్రీకాకుళం రోడ్‌లో దిగుతాను. నాన్నకి వెన్నులో డిస్క్ జారి ఆరు నెలలు నొప్పి భరించాడు, నాకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే "నీకు సెలవు దొరకదు కదరా" అన్నాడు. పక్కింటి బాబాయి ఫోన్ చేస్తే తెలిసింది. ఆ రైల్లో పై బెర్తు మీద పడుకుని నేనూ లెక్కలే వేస్తాను, కేలండర్ లేదు అంతే. ఒక చోట ఉంటే రెండు ఇళ్ల ఖర్చు ఒకటవుతుందని మీ అబ్బాయి అనుకుని ఉండొచ్చు. అడిగి చూడండి.

అయ్యకోనేరు_గట్టు
బాబూ, మీ మాట గుచ్చుకుంది. వాడూ సరిగ్గా ఇదే అన్నాడు, రెండిళ్ల ఖర్చు అని.

పొందూరు_నూలు
కొడుకులందరూ దొంగలు కారు. నిజమే. మా తమ్ముడూ దొంగ కాదు, రాసిచ్చేదాకా. 2019లో అమ్మ ఇల్లు వాడి పేర సెటిల్‌మెంట్ చేసింది, అంటే బతికుండగానే రాసిచ్చేసింది. ఏడాది బాగానే చూశాడు. తర్వాత పెరట్లో వంటపాక బాగుచేసి అందులో పెట్టాడు. వర్షాకాలం నేనెళ్లేసరికి మంచం నాలుగు కాళ్ల కింద ఇటుకలున్నాయి, నీళ్లు రాకుండా. వరండాలో వాడి బైకుకి మాత్రం కవరు కప్పి ఉంది.

ఆర్డీవో గారి దగ్గర పిటిషన్ వేశాం. నెలకు 4,000 ఇమ్మని ఆర్డరొచ్చింది, ఇస్తున్నాడు. ఇల్లు తిరిగి రాలేదు. దస్తావేజులో "ప్రేమాభిమానములతో" అని ఉంది గానీ "చూసుకోవాలి" అని లేదట. ప్రేమాభిమానములు అమ్మవి. వాడివి అని ఎక్కడా రాసి లేదు మరి.

దస్తావేజుల_పంతులు
నేను బొబ్బిలిలో ఈ పనే చేస్తాను కాబట్టి వివరంగా రాస్తాను. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం ఇది. ట్రిబ్యునల్ ఆర్డీవో స్థాయి అధికారి దగ్గర నడుస్తుంది. చట్టం ప్రకారం వకీలు అక్కర్లేదు, మనమే తెల్ల కాగితం మీద రాసి ఇవ్వొచ్చు. నెలకు 10,000 దాకా ఇప్పించవచ్చు. సెక్షన్ 23 అసలైంది. చూసుకుంటారన్న షరతుతో ఆస్తి ఇచ్చి, వాళ్లు చూసుకోకపోతే ఆ దస్తావేజు రద్దు చేయవచ్చు. షరతు ఉండాలి, అక్కడే మెలిక. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు షరతు లేకపోతే సెక్షన్ 23 వర్తించదు అంది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్ తల్లి కేసులో చట్టాన్ని ఉదారంగా చదవాలని చెప్పి, కొడుకు విడిగా రాసిచ్చిన వచనపత్రాన్ని కూడా చూసి ఆస్తి తిరిగి ఇప్పించింది. పొందూరు అమ్మగారూ, చూసుకుంటానని మీ తమ్ముడు ఆ రోజుల్లో రాసిచ్చిన కాగితం ముక్క ఏదైనా దొరికితే ఒకసారి వకీలుకి చూపించండి.

గట్టు గారికి నా సలహా. సెటిల్‌మెంట్ వద్దు, వీలునామా రాయండి. బతికున్నంత కాలం ఇల్లు మీదే, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. స్టాంపు కాగితం అక్కర్లేదు, ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించండి. ఆస్తి ఎవరికి రాస్తున్నారో వాళ్లని సాక్షిగా పెట్టకండి. మీ తర్వాత ఆవిడ జీవితాంతం అనుభవించాలి, ఆ పైన పిల్లలకి అని స్పష్టంగా ఉండాలి. ఒకవేళ అమ్మి హైదరాబాద్‌లో కొన్నా, ఆ ఫ్లాటు దస్తావేజులో మొదటి పేరు మీదే ఉండాలి.

పలాస_జీడిపప్పు
మా మామయ్యని వీలునామా రాయమంటే "నన్ను పంపించేయడానికి తొందరేట్రా" అని రెండు నెలలు మాట్లాడలేదు. రాశాక పదకొండేళ్లు బతికాడు. మూడుసార్లు మార్చాడు. ప్రతిసారీ నా వాటా తగ్గింది.

రాజాం_రైతు
ఇల్లు బ్యాంకుకి పెడితే నెలనెలా వాళ్లే ఇచ్చే పద్ధతి ఉందట కదా?

ఏడురోడ్ల_మాస్టారు
ఉంది, రివర్స్ మార్ట్‌గేజ్. 2007లో వచ్చింది. మనం బతికున్నంతకాలం ఆ ఇంట్లోనే ఉంటాం, తర్వాత వారసులు అప్పు తీర్చి ఇల్లు ఉంచుకోవచ్చు, లేదా బ్యాంకు అమ్ముకుంటుంది. కాగితం మీద బంగారం. నేను ఒక శాఖకెళ్లి అడిగితే మేనేజర్ గారు నన్నే వివరం చెప్పమన్నారు. పైగా మన పాత ఇళ్లకి లింకు దస్తావేజులు ఎక్కడుంటాయి, తాతగారి ట్రంకు పెట్టెలో చెదలు తిన్నాయి.

టెక్కలి_సిస్టర్
మీరంతా డబ్బు, ఇల్లు అంటున్నారు. గట్టు గారి మూడో ప్రశ్న వదిలేశారు. నేను కూడా పడితే అన్నారాయన. పడకుండా ముందు చూద్దాం.

బాత్రూంలో కమోడ్ పక్కన, స్నానం చేసే చోట గోడకి పట్టుకునే స్టీలు కడ్డీలు వేయించండి. మేస్త్రీతో కలిపి రెండు వేలు దాటదు, మీ ఆపరేషన్ 2 లక్షల 60 వేలు. రాత్రి మంచం నుంచి బాత్రూం దాకా చిన్న బల్బు వెలుగుతూ ఉండాలి. తలుపు లోపలి గడియ తీసేయండి, పడితే పగలగొట్టే పని ఉండదు. గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకునే గుడ్డ పట్టా ఉంటే ఈ పోస్టు చదివిన నిమిషంలో తీసి అవతల పారేయండి. నేను చూసిన తుంటి విరుగుళ్లలో సగానికి ఆ గుడ్డే కారణం.

మనిషిని చంకలో చేతులు పెట్టి లేపారు కదూ? అందుకే నడుం పోయింది. మడతపెట్టిన దుప్పటి నడుం కింద నుంచి వేసి ఇద్దరు చెరో కొసా పట్టుకుని జరపాలి. ఒక్కరే ఉంటే మంచం కాళ్ల వైపు పాత నేత చీర గట్టిగా ముడేసి కట్టండి. మా అత్తగారికి అలాగే కట్టాం. ఆకుపచ్చ చీర, మూడు ముళ్లు, మొదటి ముడి పట్టుకుంటే తల లేస్తుంది, రెండోది పట్టుకుంటే వీపు లేస్తుంది, మూడోదానికి కూర్చుంటుంది. ఎనిమిది నెలల్లో ముళ్ల దగ్గర రంగు పోయి తెల్లగా అయిపోయింది. ఆవిడ ఎవరినీ లేపమని పిలవలేదు.

మంచంలోనే ఉండిపోయిన మనిషైతే రెండు గంటలకోసారి పక్క మార్చాలి, పుండ్లు పడకుండా. అది ఒక్క మనిషి చేసే పని కాదు. అందుకని సాయం ముందే వెతుక్కోండి, పడ్డాక కాదు.

విశాఖ_ఎక్స్‌ప్రెస్
సిస్టర్, మనిషి దొరికేదెలా? నాన్న ఆపరేషన్ అయ్యాక విశాఖ ఏజెన్సీని అడిగితే ఇరవై నాలుగు గంటలకి నెలకు 24 వేలన్నారు. మొదటి నెలలో ముగ్గురు మారారు. రెండో అబ్బాయి రాత్రంతా రీల్స్ చూసేవాడు, నాన్న కూడా పక్కనే కూర్చుని చూసేవాడు. ఆయనకి మాత్రం ఆ అబ్బాయే నచ్చాడు.

టెక్కలి_సిస్టర్
పూర్తి రోజు మనిషి మీకు అవసరమో లేదో ముందు తేల్చుకోండి. చాలామందికి కావాల్సింది పొద్దున రెండు గంటలు, రాత్రి ఒక గంట. మా వీధిలో అలా చేసే ఆవిడకి నెలకు 4,500 ఇస్తున్నారు. ఊళ్లో తెలిసిన మనిషి మేలు. ఆధార్ కాపీ తీసుకోండి, బీరువా తాళం మీ దగ్గర పెట్టుకోండి, జీతం ఒకటో తారీఖుకి ఇచ్చేయండి. మూడూ ముఖ్యమే.

రాజాం_రైతు
మా ఊళ్లో ఒకటో తారీఖున ఎన్టీఆర్ భరోసా పింఛను 4,000 ఇంటికే వస్తుంది. 2024 జులైలో బకాయిలతో కలిపి 7,000 చేతిలో పెట్టారు. మా నాయనమ్మ ఆ నోట్లు దిండు కింద పెట్టుకుని మూడు రోజులు పడుకుంది. గట్టు గారికి రాదనుకుంటా, పీఎఫ్ పెన్షన్, మేడ ఉన్నాయి కాబట్టి. కానీ చదివేవాళ్లలో ఎవరింట్లోనైనా పక్షవాతంతో పూర్తిగా మంచాన పడ్డవాళ్లుంటే వాళ్లకి 15,000 వస్తుంది. ఉద్దానం వైపు డయాలసిస్ చేయించుకునేవాళ్లకి 10,000. సచివాలయంలో అడగండి. మా పక్కూరాయనకి ఏడాది తెలియక పోయింది.

నెల్లిమర్ల_గోగునార
ఆస్పత్రి ఖర్చుకి 70 దాటినవాళ్లకి కేంద్రం కార్డు ఉంది కదా, వయ వందన. 2024 అక్టోబరులో మొదలుపెట్టారు. ఆదాయంతో పని లేదు, ఏడాదికి 5 లక్షల వైద్యం. గట్టు గారూ మీకింకా మూడేళ్లు. అంతవరకు పడకండి.

అయ్యకోనేరు_గట్టు
ప్రయత్నిస్తాను.

చీపురుపల్లి_చిన్నోడు
వృద్ధాశ్రమం అయితే అన్నీ వాళ్లే చూసుకుంటారు కదా. ఎందుకింత టెన్షన్?

పొందూరు_నూలు
ఆ మాట మీ అమ్మగారి ముందు అనండి, మీ టెన్షన్ ఎలా ఉంటుందో చూద్దాం.

రాజాం_రైతు
అబ్బాయి మీద పడకండి. మా చిన్నాన్న విజయనగరం దగ్గర ఒక ఆశ్రమంలో తనంతట తనే చేరాడు. లక్ష డిపాజిట్, నెలకు 12 వేలు. నలుగురు పేకాట జట్టు దొరికింది, ఇంటికి రమ్మంటే రాడు. ఒక్కటే, చేరేముందు అడగాల్సింది మేం అడగలేదు. మంచాన పడితే ఉంచుకుంటారా అని. ఉంచుకోరట. "అప్పుడు తీసుకెళ్లిపోవాలి" అన్నారు, నాలుగేళ్ల తర్వాత.

నెల్లిమర్ల_గోగునార
ఎవరూ లేనివాళ్లకి 14567 ఉంది. వృద్ధుల హెల్ప్‌లైన్, డబ్బులు పడవు, పొద్దున 8 నుంచి రాత్రి 8. మా పాత కార్మికుడొకాయన చేస్తే వాళ్లు కొడుకుతో మాట్లాడారు, కేసూ గీసూ లేకుండా. ఇప్పుడు నెలకు 3,000 పంపుతున్నాడు. ఆ నంబరుతో పాటు సైబర్ మోసాల నంబరు 1930 కూడా గోడ మీద రాసుకోండి. డిజిటల్ అరెస్ట్ అని పోలీసు బట్టల్లో వీడియో కాల్ చేసి మా బావమరిదిని రెండు రోజులు గదిలోంచి కదలనివ్వలేదు, లక్షా ఎనభై పట్టుకుపోయారు. అసలు అలాంటి అరెస్టే చట్టంలో లేదు. వెంటనే 1930కి చేసుంటే కొంతైనా ఆగేది. ఆయన మూడు వారాలు ఎవరికీ చెప్పుకోలేదు, సిగ్గుతో.

కళింగపట్నం_కెరటం
ఇన్ని పోస్టులు చదివాను. ఇల్లు ఎవరి పేర, డబ్బు ఎక్కడ, సంతకం ఎవరిది. ఆవిడ ఏమంటోందో ఒక్కరైనా అడిగారా? విరిగిన తుంటి ఆవిడది.

ఇంకొకటి. గట్టు గారి మేడ మీద అద్దెవాళ్లెవరు? ఆ 6,000 చాలా తక్కువ. ఎందుకు తక్కువో చెప్తారా?

అయ్యకోనేరు_గట్టు
స్కూలు టీచరమ్మ, భర్త, వాళ్లమ్మ. తొమ్మిదేళ్లుగా ఉంటున్నారు. పెంచుదామనుకుంటూనే పెంచలేదు. మేం విశాఖలో ఉన్న పదమూడు రోజులూ మా ఇంటికి నీళ్లు పట్టి, మొక్కలకి పోసి, మేం వచ్చే రోజు వంట చేసి పెట్టారు. అంబులెన్సుకి ఫోన్ చేసింది కూడా ఆ అబ్బాయే.

కళింగపట్నం_కెరటం
అదీ సంగతి. మాస్టారి లెక్కలో ఆ వరుస లేదు. బజారు అద్దె 9,000 అయితే నెలకు 3,000 మీరు వాళ్లకి ఇస్తున్నట్టే. ఆ డబ్బుకి మీకు దొరుకుతున్నది ఏ ఏజెన్సీ ఇవ్వదు. ఇల్లు అమ్మితే అదీ పోతుంది.

మాకు పిల్లల్లేరు. ఆయన పోయి ఆరేళ్లు. నాకు ఫ్యామిలీ పెన్షన్ ఉంది, డబ్బు భయం లేదు. పడితే ఎవరికి తెలుస్తుంది అన్నదే. మా ఎదురింటివాళ్లతో ఒక ఒప్పందం. పొద్దున ఆరున్నరకల్లా నా గుమ్మం ముందు ముగ్గు పడాలి. పడకపోతే వాళ్లబ్బాయి వచ్చి తలుపు కొడతాడు, తీయకపోతే వాళ్ల దగ్గర ఇంకో తాళంచెవి ఉంది. రెండేళ్లలో రెండుసార్లు కొట్టాడు. ఒకసారి జ్వరం. ఇంకోసారి నేను రాత్రి టీవీ చూసి లేవలేదంతే, వాళ్లావిడ నాలుగు తిట్లు తిట్టింది. మా చెల్లెలి కూతురికి ఇల్లు రాశాను, వీలునామాలోనే. పిల్లలు లేనివాళ్లని ఆస్తి దక్కబోయే బంధువు చూడాలని కూడా ఆ 2007 చట్టంలో ఉంది, పంతులు గారు చెప్పలేదు.

దస్తావేజుల_పంతులు
ఉందమ్మా. మర్చిపోయాను. అయితే చట్టం చూపించి చేయించుకునే సేవ ఏం సేవ?

కళింగపట్నం_కెరటం
అది చూపించడానికి కాదు. మంచితనం అలసిపోయిన రోజున గుర్తుండటానికి.

అయ్యకోనేరు_గట్టు
నాలుగు రోజులుగా రాయలేదు. చెప్తాను.

ఆవిడని అడిగాను. "నన్ను అడగడానికి ఎవరో కళింగపట్నం నుంచి చెప్పాల్సొచ్చిందా" అంది. తర్వాత పాస్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టింది. కూతురు ఏమీ అనదని రాశాను కదా. ఆపరేషన్ అయిన నెల నుంచి ప్రతి ఐదో తారీఖునా 2,000 వేస్తోంది. అల్లుడికి తెలిసే. నాకు చెబితే కూతురి డబ్బు ముట్టుకోనని నామోషీ పడతానని ఇద్దరూ కలిసి దాచారు. ముట్టుకోనన్నమాట నిజమే. ఆవిడ "అయితే నేను ముట్టుకుంటాలెండి" అంది.

ఇల్లు అమ్మనంది. హైదరాబాద్‌లో ఎండాకాలం రెండు నెలలు ఉండి చూద్దాం, నచ్చితే అప్పుడు మాట్లాడదాం అంది. కొడుక్కి అదే చెప్పాం. కాసేపు ఫోన్‌లో చప్పుడు లేదు. తర్వాత "వచ్చేటప్పుడు వాకర్ తేవొద్దు, ఇక్కడ ఇంకోటి కొని ఉంచుతాను" అన్నాడు. విశాఖ ఎక్స్‌ప్రెస్ బాబూ, మీ పోస్టు వాడికి పంపాను.

సొసైటీలో 2 లక్షలు గడువు తీరింది, అడిగాను. వచ్చే వారం రమ్మన్నారు. వెళ్తాను, మాస్టారూ, సిగ్గు ఇంట్లో పెట్టి వెళ్తాను. బాత్రూంలో కడ్డీలు వేయించాను. గుడ్డ పట్టా పారేశాను.

పలాస_జీడిపప్పు
వెళ్లేటప్పుడు మేడమ్‌తో కలిసి విశాఖ దాకా బస్సులో వెళ్లండి. ఆవిడకి స్త్రీశక్తి పథకంలో ఫ్రీ. మీకు ముసలాళ్ల పావు వంతు తగ్గింపు. ఇద్దరిలో కండక్టర్ మీ దగ్గరే డబ్బులు తీసుకుంటాడు, అదొక్కటే అవమానం.

టెక్కలి_సిస్టర్
పొద్దున రెండు గంటల మనిషి?

అయ్యకోనేరు_గట్టు
మేడ మీది పెద్దావిడ తనకి తెలిసినామెని మాట్లాడింది. ఒకటో తారీఖు నుంచి వస్తుంది. తాళంచెవి ఇంకోటి చేయించి టీచరమ్మకి ఇచ్చాను. అద్దె పెంచనని కూడా చెప్పేశాను, ఆవిడ ఏడ్చినంత పని చేసింది.

ఎదురింటివాళ్లతో పెట్టుకున్న ముగ్గు ఒప్పందానికి మాత్రం చిక్కొచ్చింది. ఈవిడ వంగలేదు. అందుకని నిన్నటి నుంచి నేనే వేస్తున్నాను. ఐదు చుక్కలు పెట్టి కలిపితే ఎటు కలపాలో తెలియక ఒక గీత రోడ్డు మీదకి పోయింది. ఎదురింటాయన వాకింగ్ నుంచి వస్తూ ఆగి, చాలాసేపు చూసి, "ఏమండీ, తలుపు కొట్టమంటారా?" అన్నాడు.

కళింగపట్నం_కెరటం
ఫోటో పెట్టండి.

అయ్యకోనేరు_గట్టు
పెట్టను.